నొప్పి రాకపోతే వర్కౌట్ వేస్టేనా? ఐదో నెలలో ఉన్నా, ఇప్పుడు అసలేం పట్టేయట్లేదు

ఐదోనెల_లిఫ్టర్:

అందరికీ హాయ్. చాలా రోజుల్నుంచి చదవడమే గానీ రాయడం ఇదే ఫస్ట్. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

జిమ్‌లో చేరి నాలుగు నెలలు దాటింది. మొదటి లెగ్ డే సంగతి చెప్తే నవ్వుతారు, గుంజీళ్ళలాంటి స్క్వాట్స్, ఒక కాలు ముందుకేసి కిందికి దిగే లంజెస్ అన్నీ ఊపుగా చేసేసి ఇంటికొచ్చా, ఆ రాత్రి ఏం లేదు, మర్నాడు కాస్త బరువుగా ఉందంతే, దీనికేనా జనం ఇంత గోల చేసేది అనుకున్నా. ఆ తర్వాతి రోజు పొద్దున మంచం దిగబోతే తొడలు నావి కావు. మెట్లు ఎలాగోలా ఎక్కేశా గానీ దిగడం మాత్రం నా వల్ల కాలేదు, రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఎండ్రకాయలా ఒక్కో మెట్టూ దిగా. కుర్చీలో కూర్చోవాలంటే చివరి జానెడు దూరం దబ్బుమని పడిపోవడమే.

ఓ నెల పాటు ఏ పార్ట్ చేస్తే అది పట్టేసేది. నిజం చెప్పాలంటే ఆ నొప్పి మీద ఒక రకమైన ఇష్టం కూడా వచ్చేసింది, ఛాతీ మీద వేలితో నొక్కి చూసుకుని హమ్మయ్య పని జరిగింది అనుకునేవాణ్ని. రెండో నెల దాటాక అదే వర్కౌట్, అదే కష్టం, చివరి సెట్‌లో కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, కానీ మర్నాడు మాత్రం ఏమీ లేదు. మా జిమ్‌లో ఒక సీనియర్ ఉన్నాడు, అన్న ఏమన్నాడంటే నొప్పి రాలేదంటే కండ పగల్లేదు, పగలకపోతే పెరగదు, నీ మజిల్ అలవాటు పడిపోయింది, షాక్ ఇవ్వు అని. సరే అని ఆరు వారాలుగా వారం వారం ఎక్సర్‌సైజులు మార్చేస్తున్నా, నిజంగానే నొప్పి తిరిగొచ్చింది, నేనూ హ్యాపీ.

నిన్న ఊరికే ఫోన్‌లో నోట్స్ తిరగేశా. ఆరు వారాల కింద బార్‌బెల్ స్క్వాట్ 60 కిలోలు 8 రెప్స్, అంటే ఒక సెట్‌లో వరసగా ఎనిమిదిసార్లు. నిన్న చాన్నాళ్ళకి మళ్ళీ స్క్వాట్ చేస్తే అదే 60, ఏడో రెప్ దగ్గరే చచ్చీ చెడీ లేచా. మరి ఇన్నాళ్ళ నొప్పులు ఎటుపోయినట్టు?

ఇంకో డౌట్, మొదటి రోజు నుంచీ ఇవాళ్టి దాకా నా షోల్డర్స్ ఒక్కసారి కూడా పట్టేయలేదు. అవి అసలు పనిచేస్తున్నాయా లేదా? ఒళ్ళు పట్టేసి ఉన్నప్పుడు మళ్ళీ వర్కౌట్ చెయ్యొచ్చా, లేక పెయిన్‌కిల్లర్ వేసుకుని చెయ్యాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

నిద్రలో_డెడ్‌లిఫ్ట్:

సేమ్ డౌట్ బ్రో. ఫాలో అవుతున్నా.

---

మొండిఘటం:

మీ సీనియర్ కరెక్టే చెప్పాడు. ఏడాదిన్నరగా చేస్తున్నా, మర్నాడు చేతులెత్తి తల దువ్వుకోగలిగితే ఆ వర్కౌట్ నేను లెక్కలోకే తీసుకోను. నో పెయిన్ నో గెయిన్ అని ఊరికే అన్నారా. నీకు 60 కిలోలు లేవకపోవడానికి నిద్ర తక్కువై ఉంటుంది, అంతే. ఇంకా గట్టిగా కొట్టు.

---

బరువుల_బాబాయ్:

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు నీ నోట్స్‌లోనే ఉంది, నువ్వే రాసుకున్నావు, నువ్వే చదివావు, కాకపోతే నమ్మబుద్ధి కావట్లేదు. పదకొండేళ్ళుగా ఇనుము ఎత్తుతున్నా, మొదటి మూడేళ్ళు నేనూ నీలాగే నొప్పి వెనకాల తిరిగా కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ముందు ఈ నొప్పి ఏంటో చూద్దాం. దీన్ని డామ్స్ అంటారు, అంటే ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి. వర్కౌట్ అయిన 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య ఎప్పుడో ఒకప్పుడు బాగా ముదిరి, ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతటదే పోతుంది. నీకు మర్నాడు బానే ఉండి ఆ తర్వాతి రోజు కాళ్ళు లాగేశాయన్నావే, అచ్చంగా అదే. ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు, 1902లోనే థియోడర్ హఫ్ అనే ఆయన దీని గురించి రాశాడు, వర్కౌట్ అప్పటి అలసట వేరు, తర్వాత వచ్చే ఈ నొప్పి వేరు, ఇది కండ లోపల ఏదో చిట్లడం వల్ల వస్తుండొచ్చు అని అప్పుడే అన్నాడు.

జిమ్‌లో ఎవరినడిగినా లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది అంటారు. కాదు. సెట్ మధ్యలో భగ్గుమనే మంట వేరే కథ, వర్కౌట్ ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ (ఆ యాసిడ్‌దే ఇంకో రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది, అలాంటిది రెండో రోజు పొద్దున వచ్చి నీ కాళ్ళెలా పట్టుకుంటుంది? 1983లో దీన్ని చక్కగా పరీక్షించారు, ఒకసారి సమంగా ఉన్న ట్రెడ్‌మిల్ మీద, ఒకసారి కిందికి వాలుగా ఉన్న ట్రెడ్‌మిల్ మీద జనాన్ని పరిగెత్తించారు. సమంగా పరిగెత్తినప్పుడు లాక్టేట్ పెరిగింది, నొప్పి రాలేదు. వాలులో పరిగెత్తినప్పుడు లాక్టేట్ పెరగలేదు, నొప్పి మాత్రం దంచేసింది.

వాలులోనే ఎందుకు? నువ్వు మెట్లు ఎక్కగలిగా, దిగలేకపోయా అన్నావు చూడు, ఆ దిగడంలోనే కిటుకంతా ఉంది. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే నీ బరువు పడిపోకుండా ఆపుతుంది, దీన్ని ఎక్సెంట్రిక్ అంటారు. స్క్వాట్‌లో కిందికి వెళ్ళడం, బైసెప్ కర్ల్‌లో డంబెల్ దించడం, ఇవన్నీ అవే. కండకి అలవాటు లేని ఎక్సెంట్రిక్ పని పడితే నొప్పి వస్తుంది. అలవాటు లేని అన్నా చూడు, అసలు విషయం అది.

ఒక్కసారి ఆ దెబ్బ తిన్న కండ మళ్ళీ అదే పనికి అంత గాయపడదు, ఒక్క సెషన్‌తోనే వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆ రక్షణ ఉంటుంది. అంటే నీకు రెండో నెల తర్వాత నొప్పి ఆగిపోవడం కండ మొద్దుబారిపోయి కాదు, తెలివి మీరి. మీ సీనియర్ అలవాటు పడింది అన్నంత వరకూ నిజమే, అలవాటు పడితే పెరగదు అన్నది మాత్రం తప్పు.

2016లో ఒక స్టడీ వచ్చింది, పది వారాల ట్రైనింగ్‌లో మొదట్లో ఒకసారి, మూడో వారంలో ఒకసారి, పదో వారంలో ఒకసారి కండలో ప్రోటీన్ తయారీ ఎంతుందో కొలిచారు. మొదటి వర్కౌట్ తర్వాత అది అన్నిటికంటే ఎక్కువుంది, నొప్పీ డ్యామేజీ కూడా అప్పుడే ఎక్కువ. కానీ ఆ తయారైన సరుకంతా గోడ పగుళ్ళు పూడ్చడానికే సరిపోయింది, కొత్త అంతస్తు లేపడానికి మిగల్లేదు. డ్యామేజీ తగ్గిపోయాకే, ప్రోటీన్ తయారీకీ కండ పెరగడానికీ లెక్క కుదిరింది. మీ సీనియర్ నిన్ను వారం వారం కొత్త ఎక్సర్‌సైజులకి పంపిస్తున్నాడంటే నిన్ను ఆ పగుళ్ళ దశ దాటనివ్వట్లేదన్నమాట.

అంతకుముందు 2011లో ఇంకోటి, రెండు గ్రూపుల్ని తీసుకుని ఒక గ్రూపుకి మూడు వారాలు మెల్లిగా అలవాటు చేసి తర్వాత గట్టి ఎక్సెంట్రిక్ ట్రైనింగ్ ఇచ్చారు, రెండో గ్రూపుని ఏ అలవాటూ లేకుండా డైరెక్టుగా దింపారు. రెండో గ్రూపు పాపం మొదట్లో ఒళ్ళు హూనం చేసుకుంది. చివర్లో చూస్తే కండ ఇద్దరికీ దాదాపు ఒకేలా పెరిగింది. ఆ నొప్పులకి వాళ్ళకి దక్కిన బోనస్ ఏమీ లేదు.

ఇక నీ 60 కిలోల సంగతి. స్క్వాట్ అంటే కండ బలం ఒక్కటే కాదు, బ్యాలెన్సు, లోతు, ఊపిరి పట్టడం, ఇవన్నీ ప్రాక్టీసు. ఆరు వారాలు వదిలేస్తే చెయ్యి తిరిగిన పని కూడా తడబడుతుంది. పైగా ప్రతి వారం కొత్త ఎక్సర్‌సైజు అంటే ప్రతి వారం మొదటి మెట్టే, బరువు పెంచే టైమెక్కడిది?

నేనైతే ఏం చేస్తానంటే, ఐదారు ఎక్సర్‌సైజులు పట్టుకుని రెండు మూడు నెలలు వాటిని వదలను. 8 నుంచి 10 రెప్స్ అనుకుంటే, మూడు సెట్లలోనూ 10 వచ్చేదాకా అదే బరువు, వచ్చాక 2.5 కిలోలు పెంచి మళ్ళీ 8 నుంచి మొదలు. చివరి రెప్స్‌లో బార్ స్పీడు నీ ప్రమేయం లేకుండా తగ్గిపోవాలి, ఇంకొకటో రెండో మాత్రమే లేవగలను అనిపించాలి, ఆ సెట్ పనికొచ్చినట్టు. ఒక్కో పార్ట్‌కి వారానికి పది సెట్ల దగ్గర్లో పడేలా చూసుకో, 2017లో ఇలాంటి స్టడీలన్నీ కలిపి చూసినప్పుడు పదీ అంతకంటే ఎక్కువ చేసినవాళ్ళకే పెరుగుదల బాగుంది. నోట్స్‌లో అంకె కదిలిందా లేదా చూసుకో, మర్నాడు తొడ నొక్కి చూసుకోవడం మానెయ్.

---

మొండిఘటం:

బాబాయ్ స్టడీలు బానే చెప్పారు గానీ ఒక మాట. బెంచ్ ప్రెస్ (పడుకుని బార్ పైకి నెట్టేది) చేశాక ఛాతీ పట్టేస్తే ఛాతీ పనిచేసిందని తెలుస్తుంది కదా? నాకు మొదట్లో బెంచ్ చేస్తే ట్రైసెప్స్ (జబ్బ వెనక కండలు) మాత్రమే పట్టేసేవి, ఫార్మ్ అంటే ఎత్తే పద్ధతి మార్చాక ఛాతీకి వచ్చింది. నొప్పి లేకపోతే అది ఎలా తెలిసేది? అంత పనికిరానిదని కొట్టిపారేస్తే ఎలా?

---

బరువుల_బాబాయ్:

ఈ పాయింట్ ఒప్పుకుంటా. కొత్త ఎక్సర్‌సైజు మొదలెట్టినప్పుడు నొప్పి ఎక్కడొచ్చిందో చూస్తే బరువు ఎటుపోయిందో కొంత ఆచూకీ దొరుకుతుంది, వీపు వర్కౌట్ చేస్తే ముంజేతులొక్కటే పట్టేశాయంటే ఏదో తేడా ఉన్నట్టే. కానీ తిరగేసి చెప్పకూడదు. నొప్పి వస్తే అక్కడ పని జరిగింది అనొచ్చు, రాకపోతే జరగలేదు అనలేం. ఎంత నొప్పి ఉంటే అంత పని అని అసలే అనలేం. లోపల డ్యామేజీని వేరే రకాలుగా కొలిచి, నొప్పితో పక్కపక్కన పెట్టి చూస్తేనే రెండూ సరిగ్గా కలవవు, ఎక్కువ డ్యామేజీ ఉన్నవాడికి తక్కువ నొప్పి, తక్కువున్నవాడికి గోలగోల.

ఏ పార్ట్ పట్టేస్తుందన్నది కూడా చాలావరకు కండ ఎంత సాగిన పొజిషన్‌లో బరువు పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందుకి వంగి బార్ దించే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లో బార్ మోకాళ్ళ కిందికి వెళ్ళినప్పుడు తొడ వెనకుండే హామ్‌స్ట్రింగ్స్ బాగా సాగి ఉంటాయి, బరువంతా అక్కడే పడుతుంది, అందుకే రెండ్రోజులు కూర్చుని లేవలేం. లంజెస్ కూడా అంతే, పడుకుని చేతులు పక్కలకి చాపే డంబెల్ ఫ్లైస్ కూడా అంతే. డంబెల్స్‌ని పక్కలకి లేపే లాటరల్ రైజ్‌లో దీనికి రివర్స్, చెయ్యి కిందున్నప్పుడు అంటే భుజం కండ సాగి ఉన్నప్పుడు డంబెల్ బరువు దాదాపు పడనే పడదు, చెయ్యి పక్కకి పూర్తిగా లేచాకే బరువెక్కుతుంది. లిఫ్టర్ తమ్ముడి షోల్డర్స్ పట్టేయకపోవడానికి అది పెద్ద కారణం. నాకు పదకొండేళ్ళలో సైడ్ డెల్ట్ (భుజం పక్క కండ) పట్టేసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. భుజాలైతే పెరిగాయి.

ఇటు నుంచి కూడా ఆలోచించు మొండిఘటం, ఎప్పుడూ కొండ ఎక్కనివాడు ఒకరోజు ఎక్కి దిగితే నాలుగు రోజులు తొడలు పీకుతాయి. మారథాన్ పరిగెత్తినవాళ్ళకి మర్నాడు నడకే రాదు. వాళ్ళ తొడలేమైనా బాడీబిల్డర్ తొడలవుతున్నాయా?

---

ఫిజియో_అక్క:

బాబాయ్ గారు ట్రైనింగ్ సైడ్ అంతా చెప్పేశారు కాబట్టి నేను దాని జోలికి వెళ్ళను, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, నొప్పి సైడ్ చెప్తా. ఎందుకంటే నొప్పిని ఇష్టపడటం అలవాటైనవాళ్ళు అసలైన గాయాన్ని కూడా ఇష్టపడుతూ కూర్చుంటారు, అలాంటివాళ్ళే చివరికి నా దగ్గరికొచ్చేది.

డామ్స్ అయితే కండ మొత్తం బరువుగా, బిగుసుకుపోయినట్టుంటుంది, రెండు కాళ్ళు పనిచేస్తే రెండు కాళ్ళకీ వస్తుంది, కదలకుండా కూర్చుంటే పెద్దగా తెలీదు, కాసేపు అటూ ఇటూ తిరిగితే కాస్త వదులవుతుంది. రెప్ మధ్యలోనే చురుక్కుమని పొడిచినట్టు వస్తే, ఒకే వైపు వస్తే, కండలో కాకుండా కీలు దగ్గర వస్తే, వేలితో ఇదిగో ఇక్కడే అని చూపించగలిగితే, వాపో తిమ్మిరో ఉంటే, వారం దాటినా తగ్గకపోతే అది డామ్స్ కాదు, చూపించుకోండి.

ఇంకొకటి భయపెట్టడానికి కాదు గానీ చెప్పాలి. ఒకాయన చాలా గ్యాప్ తర్వాత జిమ్‌కి వెళ్ళి మొదటి రోజే ఫ్రెండ్‌తో పందెం కట్టి పుల్లప్స్ మీద పుల్లప్స్ చేశాడు. మూడో రోజుకి మోచేతులు చాపలేకపోతున్నాడు, చేతులు ఉబ్బిపోయాయి, అయినా బాగా పట్టేసిందని మురిసిపోతూ ఉన్నాడు. మాటల్లో మాటగా యూరిన్ ముదురు గోధుమరంగులో వస్తోందని ఎందుకో చెప్పాడు, అంతే, నేను చెయ్యి కూడా వెయ్యకుండా అటునుంచి అటే హాస్పిటల్‌కి పంపించేశా. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు, కండ బాగా చితికిపోయి అందులో సరుకు రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడుతుంది. అరుదే, కానీ విపరీతమైన నొప్పి, వాపు, బలం లేకపోవడం, యూరిన్ టీ డికాషన్ రంగులోకి మారడం, వీటిలో ఏది కనిపించినా ఒక్క రోజు కూడా ఆగకండి. కొత్తవాళ్ళూ గ్యాప్ తర్వాత వచ్చేవాళ్ళూ మొదటి వారం సగం సెట్లే చెయ్యండి అని నేను పోరేది ఇందుకే.

పట్టేసి ఉన్నప్పుడు చెయ్యొచ్చా అన్నారు కదా. కొద్దిగా ఉంటే చెయ్యొచ్చు, రెండు వామప్ సెట్లు చేసేసరికి సర్దుకుంటుంది. కూర్చోలేనంతగా ఉంటే ఆ రోజు స్క్వాట్ వద్దు, పట్టేసిన కండలో బలమూ తక్కువుంటుంది, వంగడమూ తక్కువుంటుంది, దాన్ని కాపాడుకోబోయి ఫార్మ్ పక్కకి పోతుంది. ఆ రోజు వేరే పార్ట్ చేసుకోండి, లేకపోతే నడవండి.

పెయిన్‌కిల్లర్ వేసుకుని వర్కౌట్ చెయ్యడం అలవాటు చేసుకోవద్దు. 2018లో ఒక స్టడీలో యువతీయువకులకి ఎనిమిది వారాల పాటు రోజూ 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఇస్తూ ట్రైనింగ్ చేయించారు, కొద్ది డోసు ఆస్పిరిన్ తీసుకున్నవాళ్ళతో పోలిస్తే వీళ్ళ తొడ కండ దాదాపు సగమే పెరిగింది. కడుపుకీ కిడ్నీలకీ వచ్చే తిప్పలు సరేసరి. ఐస్ నీళ్ళలో కూర్చోవడం ఇప్పుడు ఫ్యాషనైంది, నొప్పి కొంచెం తగ్గుతుంది నిజమే, కానీ ప్రతి వర్కౌట్ తర్వాత అలా కూర్చున్నవాళ్ళకి కండ తక్కువ పెరిగినట్టు 2015లో తేలింది. స్ట్రెచింగ్ చేస్తే నొప్పి రాదు అనేది కూడా నమ్మకమే, ముందు చేసినా తర్వాత చేసినా తేడా చెప్పుకోదగ్గంత ఉండదు. నిద్రపోండి, కదులుతూ ఉండండి.

---

నిద్రలో_డెడ్‌లిఫ్ట్:

అక్కా, నిద్రపోండి అన్న సలహా నేను చాలా సీరియస్‌గా పాటిస్తున్నా.

---

ఐదోనెల_లిఫ్టర్:

అందరికీ చాలా థ్యాంక్స్. బాబాయ్, ఆ మెట్లు దిగే పాయింట్ చదివి పడీపడీ నవ్వా. అక్కా, పోయిన నెల ఎడమ మోకాలు దగ్గర చురుక్కుమంటే అది కూడా గెయిన్ అనుకుని రెండు వారాలు లంజెస్ చేశా, మీ పోస్టు చదివాక ఆపేశా. రేపటి నుంచి పాత ఎక్సర్‌సైజులే. సీనియర్ అన్నకి ఏం చెప్పాలో మాత్రం తెలీట్లేదు, ఈ వారం కొత్తగా ఏం చేద్దాం అని మెసేజ్ పెట్టాడు.

---

బరువుల_బాబాయ్:

ఆయనకేం చెప్పక్కర్లేదు. వాదించి ఎవర్నీ మార్చలేం. మోకాలు ఇంకా చురుక్కుమంటుంటే మాత్రం చూపించుకో. రెండు నెలల తర్వాత వచ్చి అంకెలు పెట్టు.

---

ఐదోనెల_లిఫ్టర్:

బాబాయ్ చెప్పినట్టే అప్‌డేట్. రెండు నెలలన్నారు గానీ ఆగలేక ఏడు వారాలకే వచ్చేశా.

మోకాలు ముందే చూపించుకున్నా, పెద్దగా ఏం లేదన్నారు, కొన్నాళ్ళు లంజెస్ లేకుండా, స్క్వాట్ బరువు తగ్గించి మొదలెట్టమన్నారు. 50తో మొదలెట్టా, అవమానంగా అనిపించింది. పాత ఎక్సర్‌సైజులే అయినా మొదటి వారం కొంచెం పట్టేసింది, రెండో వారం చాలా తక్కువ, ఆ తర్వాత దాదాపు సున్నా. మధ్యలో ఒక బుధవారం మళ్ళీ ఆ పాత అనుమానం వచ్చేసింది, ఏం పట్టేయట్లేదు, వేస్ట్ చేస్తున్నానేమో, ఇంకో నాలుగు సెట్లు గుద్దేద్దామా అని. నోట్స్ తీసి చూసుకుని ఇంటికెళ్ళిపోయా.

స్క్వాట్ నిన్న 65 కిలోలు, రెప్స్ 9, 8, 8. బెంచ్ 42.5 నుంచి 47.5కి వచ్చింది, అదీ 8 రెప్స్‌తో. లాటరల్ రైజ్ 5 కిలోల డంబెల్‌తో 12 దగ్గర ఆగిపోయేవాణ్ని, ఇప్పుడు 7.5తో 10 వస్తున్నాయి. షోల్డర్స్ ఇప్పటికీ ఒక్కసారి కూడా పట్టేయలేదు, కాకపోతే పాత చొక్కా ఒకటి భుజాల దగ్గర పట్టేసింది, బటన్ పెట్టుకుంటే చేతులు ముందుకి రావట్లేదు.

సీనియర్ అన్న ఇప్పటికీ అడుగుతుంటాడు, నొప్పి వస్తోందా అని. వస్తోందన్నా అంటున్నా.

---

మొండిఘటం:

కంగ్రాట్స్ బ్రో. ఈ థ్రెడ్‌లో అంత గట్టిగా వాదించా కదా, ఆ రోజే నేను కూడా నోట్స్ మొదలెట్టా, నాది కరెక్టని ప్రూఫ్‌తో సహా చూపిద్దామని. పాత వీడియోలు వెతికి ఏడాది కింద బెంచ్ ఎంత కొట్టేవాణ్నో మొదటి పేజీలో రాసుకున్నా. 55 కిలోలు, 6 రెప్స్.

ఇప్పుడెంతో మాత్రం అడక్కండి.